తెల్లదారం పొట్లం

“ఏడాది మాసికం నాడు అమ్మ ఫొటో ముంగట నిలబడి, తప్పైంది అని ఒక్క మాట అనేసెయ్ మాలతీ. గంతే. మా అక్క గదే అడుగుతున్నది.”

నేను ఎల్లిగడ్డలు వొలుస్తున్నాను. మా ఆయన నరేష్‌కుమార్ ఒంటికాలి మీద నిలబడి బూటు తొడుక్కుంటూ, వచ్చేటప్పుడు పాలప్యాకెట్ తెస్తానన్నంత తేలిగ్గా ఈ మాట అన్నాడు. ఆయన చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్ ఆఫీసులో పని చేస్తాడు. ర్యాంకు రాని పిల్లల తల్లిదండ్రులకు నచ్చజెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గొంతునే ఇంటికీ తెచ్చుకుంటాడు. “అందరి ముంగట అనేసినవనుకో, ఇగ ఎవల మనసుల ఏం ఉండదు. నీకు గూడ రిలీఫ్” అని బ్యాగు తగిలించుకొని, లిఫ్టు రాలేదని విసుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

తిథి ప్రకారం వచ్చే ఆదివారానికి మా అత్తమ్మ భూలక్ష్మి పోయి ఏడాది. మా వాళ్ళందరి లెక్కలో ఆమె నేను కట్టిన మందుగోలీల పొట్లం వల్ల పోయింది. చంపావు అని ఎవరూ అనలేదు, మర్యాదస్తులు. ‘మాలతి పొరపాటు’ అంటారు. పెళ్ళిలో ఎదురుపడినా, బారసాలలో పక్కన కూర్చున్నా, చేతిలో ప్లేటు పెడుతూ అంటారు. “పాపం, ఆమెకు మాత్రం కావాలని ఉన్నదా? జరంత పొరపాటు” అని నా వైపు జాలిగా చూస్తారు. ఆ జాలి కంటే రెండు చెంపదెబ్బలు నయం. అన్నిటికంటే పెద్ద కష్టం ఏమిటంటే, నేనూ వాళ్ళ మాటే నమ్మాను. ఈ ఏడాదిలో అన్నం కలుపుకున్న ప్రతిసారీ నా చేతివేళ్ళను చూసుకున్నాను. ఈ వేళ్ళే కదా అనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ చీరల షోరూమ్‌లో ఆరేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం మానేశాను. ఎవరూ మానమనలేదు. మానకపోతే ఏమంటారో నాకు తెలుసు.

అనేస్తే అయిపోతుందా? అయిపోతుంది, వాళ్ళకు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అది రాసిపెట్టిన తీర్పు అవుతుంది. రేపు నా కూతురు పెళ్ళిలో కూడా నేను అత్తకు గోలీలు తప్పేసిన కోడలినే.

ఎల్లిగడ్డలు పక్కన పెట్టి, చేతులు కడుక్కొని, లాప్‌టాప్ తెరిచాను.

నవ్వొస్తుందేమో మీకు. నలభై ఆరేళ్ళ ఆడది, ఎల్బీనగర్‌లో, పట్టపగలు కంప్యూటర్లో ఆట ఆడుతోందంటే. మా ఆయనకు నవ్వు కాదు, కోపం వచ్చింది. “ఏందే, చిన్నపోరల లెక్క! పని లేదా ఇంట్ల?” అన్నాడు. పని ఉంది. అంట్లు, బట్టలు, నీళ్ళ మోటారు, తడిగుడ్డ అన్నీ పదకొండుకల్లా అవుతాయి. మళ్ళీ నాలుగింటికి మొదలవుతాయి. ఆ మధ్య సమయం నాది, అయితే ఉద్యోగం మానాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియక గోడను చూస్తూ కూర్చునేదాన్ని. పోయిన నెలలో ఒక రోజు మా అమ్మాయి భావన కాలేజీ నుంచి తొందరగా వచ్చి నన్ను అట్లా చూసింది. లాక్‌డౌన్‌లో ఆన్‌లైన్ క్లాసులకు కొన్న పాత లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

“గిది ఆడు అమ్మా. మర్డర్ మిస్టరీ. నువ్వే డిటెక్టివ్.”

“నాకెందుకే గవన్ని?”

“గోడ కంటె నయం గదా.”

ఆట అంతా విక్టోరియా రాణి కాలపు లండన్‌లో జరుగుతుంది. గుర్రబ్బండ్లు, గ్యాసు దీపాలు, ఎప్పుడూ తెరిపివ్వని పొగమంచు. మా కిటికీ అవతల ఆషాఢం మబ్బు, లోపల ఆ మంచు. కథంతా ఇంగ్లీషులో నడుస్తుంది. నా చదువు ఇంటర్ దాకానే కాబట్టి తెలియని మాటను ఫోన్‌లో చూసుకుంటూ పోతాను. ఒక పెద్ద బంగళాలో ముసలి దొరసాని సాయంత్రం టీ తాగి చనిపోయింది. టీలో విషం. టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌ను నేను గదిగదికీ నడిపించాలి. వస్తువు మీద నొక్కితే దాని గురించి నోటుబుక్కులో పడుతుంది. మనిషి మీద నొక్కితే ఆ మనిషి చెప్పిన మాట పడుతుంది. చివర్న అందరి బొమ్మలూ వరసగా వస్తాయి. నేరం ఎవరిదో ఒక బొమ్మ మీద నొక్కి చెప్పాలి.

డిటెక్టివ్‌కు కనపడాల్సినవి నాకు మొదట కనపడలేదు. నాకు కనపడింది ఏమిటంటే, ఆ బంగళాలో పద్నాలుగు గదులు, పద్నాలుగు గదుల్లోనూ చలిమంట పొయ్యిలు, వాటన్నిటికీ ఒక్కతే పనిమనిషి. పేరు ఆగ్నెస్. వంటింటి గోడకు వరసగా గంటలు కట్టి ఉంటాయి, ఏ గదిలోంచి తాడు లాగితే ఆ గంట మోగుతుంది, ఆమె పరుగెత్తాలి. ఇన్‌స్పెక్టర్ దొర బురద బూట్లతో తివాచీ మీద తిరుగుతుంటే, ఇప్పుడిది ఎవరు దులపాలి నాయనా అనుకున్నాను. ఆట మొత్తంలో ఆయన ఒక్క కప్పు కూడా కడగడు. ఇంకో సంగతి. దొరసాని కొడుకును పది ప్రశ్నలు అడగొచ్చు, డాక్టరును ఎనిమిది అడగొచ్చు. ఆగ్నెస్‌ను అడగడానికి మూడే ప్రశ్నలు ఇచ్చారు.

మొదటిసారి అయిదు రోజులు ఆడాను. చివరికి ఆగ్నెస్ బొమ్మ మీద నొక్కాను. టీ కప్పు మోసింది ఆమే కదా, ఇంకెవరిని అనాలి? తెర నల్లబడింది. మీరు నిర్దోషిని ఉరికంబం ఎక్కించారు, అసలు దోషి ఇంట్లోనే ఉన్నాడు అని తెల్ల అక్షరాలు వచ్చాయి. ఆట అని తెలుసు. అయినా ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

ఈ సోమవారం మా ఆయన ‘ఒక్క మాట అనేసెయ్’ అని వెళ్ళాక, మళ్ళీ మొదటి నుంచి ఆడడానికి కూర్చున్నాను. చేతులు ఆడుతున్నాయి కానీ మనసు ఆ ఆదివారం దగ్గరే ఉంది.

మా అత్తమ్మది పోచంపల్లి. ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆసు పోసింది. ఆసు అంటే చీర నేయడానికి ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. లోకం లెక్కలో మగ్గం మీద కూర్చున్న మామయ్య హనుమాండ్లు నేతగాడు, ఆసు పోసిన ఈమె ఇంటి మనిషి. ఆసు తర్వాత చిటికి కట్టడం. రంగు అంటకూడని చోట నూలుకు దారంతో ముడులు వేసి రంగులో ముంచుతారు, తర్వాత ముడులు విప్పుతారు. ఆమె విప్పిన దారాన్ని ఏనాడూ తెంపలేదు, పారేయలేదు. “దారం తెంపే చెయ్యి అన్నం పెట్టదు” అనేది. అరవై ఏళ్ళకే కుడిభుజం పైకి లేవకుండా అయ్యింది. ఎల్బీనగర్‌కు మా దగ్గరికి వచ్చేటప్పటికి చేతిలో వక్కల డబ్బా, ఒంట్లో షుగరు, బీపీ.

మంచి అత్త అని చెప్పను. కూరలో ఉప్పు తగ్గితే కంచం జరిపేది. “షోరూమ్‌ల లిప్‌స్టిక్ ఏస్కొని నిలబడుడు గూడ పనేనా?” అనేది. కానీ చదువు రాదు, గోలీల పేర్లు గుర్తుండవు. అందుకని శనివారం శనివారం నేను వారానికి సరిపడా గోలీలు చిన్నచిన్న కాగితాల్లో పొట్లాలు కట్టేదాన్ని. పొద్దుటి పొట్లానికి ఎర్రదారం, మధ్యాహ్నానికి తెల్లదారం, రాత్రికి నల్లదారం. మగ్గం మీద నేసే పాతకాలపు రుమాళ్ళలో మా వాళ్ళు వేసే రంగులు అవే కాబట్టి ఒక్కసారి చెబితే ఆమెకు గుర్తుండిపోయింది. షుగరు గోలి ఎర్రదానిలో ఒకటి, నల్లదానిలో ఒకటి. తెల్లదానిలో కాళ్ళనొప్పులకు, బలానికి మాత్రమే. కట్టే ముడి మాత్రం చిటికి ముడే, ఆమే నేర్పింది. పొట్టి కొస లాగితే టక్కున ఊడుతుంది. పొడుగు కొస లాగితే ఇంకా బిగుస్తుంది. నా చేతిముడి చూసి ఒకసారి తన కూతురితో పోల్చి “కృష్ణకుమారి ముడి కంటె మంచిగున్నది” అంది. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. అందుకే ఇంకా గుర్తుంది.

రోజూ పొద్దున ఆ రోజు పొట్లాలు మూడూ ఆమె వక్కల డబ్బాలో పెట్టి వెళ్ళేదాన్ని.

ఆ ఆదివారం ఆషాఢం సేల్ అని షోరూమ్‌లో ఎవరికీ సెలవు లేదు. ఇడ్లీ పెట్టి, ఎర్రపొట్లం ఆమె వేసుకోవడం చూసి, మధ్యాహ్నానికి అన్నం, పప్పు స్టీలు డబ్బాలో సర్ది, తొమ్మిదింటికి బయల్దేరాను. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. క్రికెట్ మ్యాచ్ ఉంది. “ఒంటిగంటకు తినిపించి, తెల్లపొట్లం ఇయ్యి” అని రెండుసార్లు చెప్పాను. “నాకు తెల్వదా?” అన్నాడు. రెండింటికి భోజనం టైములో ఫోన్ చేస్తే “తిన్నది, గోలి గూడ ఏసిన. నువ్వు నీ పని సూస్కో” అన్నాడు. నాలుగున్నరకు మా ఫ్లోర్ సూపర్‌వైజర్ నా దగ్గరికి వచ్చాడు. “ఏంటండీ మాలతిగారూ, మీ ఇంటి వాళ్ళు షాపు నంబరుకు చేస్తున్నారు? కస్టమర్లు ఉన్నారు, త్వరగా మాట్లాడి రండి” అన్నాడు. నేను దవాఖానకు చేరేసరికి అత్తమ్మకు స్పృహ లేదు. రెండో రోజు పోయింది.

డాక్టరు అడిగాడు, “షుగర్ బాగా పడిపోయింది. గోలి డబల్ పడ్డట్టుంది. ఎవరు ఇచ్చిన్రు?”

మా ఆయన నా వైపు చూశాడు. “పొట్లాలు మా మిసెస్సే కడ్తది సార్. నేను మధ్యాహ్నం పొట్లం ముడి ఇప్పి ఇచ్చిన, గంతే. అందుల ఏమున్నయో నాకేం తెలుసు?”

అందరూ నా వైపు తిరిగారు. శనివారం షోరూమ్ నుంచి వచ్చేసరికి నాకు కాళ్ళు వాచి ఉన్నాయి. కునుకుతూ కునుకుతూ కట్టిన పొట్లాలు అవి. షుగరు గోలి తెల్లదానిలో పడలేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలనా? చెప్పలేను. “ఏమో సార్... నేనే పొరపాటున...” అన్నాను. ఆ సగం మాట చాలింది. ఆడబిడ్డ కృష్ణకుమారి అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చీరాగానే, షెల్ఫులో మిగిలిన వారం పొట్లాలన్నీ తీసి చెత్తబుట్టలో గుమ్మరించింది. “గీ పొట్లాలే మా అమ్మను తినేసినయ్” అని గుండె బాదుకుంది. వక్కల డబ్బా మాత్రం ఫొటో కింద పెట్టి, “ఏడాది దాక అమ్మ డబ్బ ఎవలు ముట్టద్దు” అంది. ఎవలు అంటూ చూసింది నన్నే.

బుధవారానికి ఆటలో మళ్ళీ ఆగ్నెస్ దగ్గరికి వచ్చాను. ఈసారి మూడు ప్రశ్నలూ అడిగాను. మూడో దానికి ఆమె, ‘బహుశా నేనేనేమో అయ్యా, టీ నేనే కదా తెచ్చింది, నా చెయ్యే తడబడిందేమో’ అని ఏడ్చింది. తప్పు ఒప్పుకున్నాక ఇంకేం కావాలి అని మళ్ళీ ఆమె బొమ్మనే నొక్కాను. మళ్ళీ తెర నల్లబడింది. కింద ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కు తెరుచుకొని ఒక సలహా వచ్చింది. దాన్ని ఫోన్‌లో వెతుక్కుంటూ, ఒక్కో మాటా కూడబలుక్కున్నాను. భయపడిన మనిషి తన మీద వేసుకున్న నేరం సాక్ష్యం కాదు, మనుషులు చెప్పిన మాటలను వస్తువులతో సరిచూడండి అని ఉంది.

లాప్‌టాప్ మూసేశాను. ఏడుపు తన్నుకొచ్చింది. ఆగ్నెస్‌ను నేను రెండుసార్లు ఉరితీశాను. ఆమె నోటి నుంచి వచ్చింది నా మాటే, దవాఖానలో డాక్టరు ముందు నేను అన్న మాటే. అయినా నాకు అనుమానం రాలేదు. పనిమనిషి కదా, ఒప్పుకుంది కదా అనుకున్నాను. మా ఆడబిడ్డకూ నాకూ తేడా ఏముంది?

ముఖం కడుక్కొని, పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. ఎవరు ఏమన్నారు ఒకవైపు, ఏ వస్తువు ఏం చెప్తుంది ఇంకోవైపు.

తిన్నది, అన్నాడు. ఆ మాటకు ఎదురుగా రాయడానికి వస్తువు కోసం చాలాసేపు ఆలోచించాను. అప్పుడు స్టీలు డబ్బా గుర్తొచ్చింది. దవాఖాన నుంచి సోమవారం పొద్దున బట్టల కోసం ఇంటికి వచ్చినప్పుడు, వంటగట్టు మీద నేను సర్దిన డబ్బా మూత పెట్టినట్టే ఉంది. తీస్తే అన్నం, పప్పు పులిసి కంపు కొట్టాయి. నిండా ఉన్నాయి. నేనేం చేశాను? అలవాటుగా చెత్తలో వేసి, డబ్బా తోమి, బోర్లించి, మళ్ళీ దవాఖానకు పరుగెత్తాను. ఇంట్లో ఎవరు చనిపోతున్నా ఆడదానికి సింకు ఖాళీ చెయ్యాలనే ధ్యాస పోదు. ఆమె తినలేదని చెప్పే ఒక్క సాక్ష్యాన్ని నేనే సబ్బు పెట్టి తోమేశాను.

ఇంకో మాట గుర్తొచ్చింది. దవాఖాన మెట్ల మీద ఆయన ఆఫీసు దోస్తుతో ఫోన్‌లో అంటున్నాడు. “కండ్లు తిరుగుతున్నయి అన్నది అన్నా. షుగర్ పెరిగిందేమో అనుకున్న.” నేను పక్కనే ఉన్నాను. ఆయనకు తాగడానికి బాటిల్ మూత తీసి ఇస్తున్నాను. మామూలుగా మధ్యాహ్నం పొట్లం ఇచ్చినవాడికి షుగరు పెరిగిందా తగ్గిందా అన్న ఆలోచన ఎందుకు వచ్చింది? షుగరు గోలీల అట్ట ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంటుందని ఆయనకు తెలుసు.

అయినా ఇవన్నీ నా మాటలే. డబ్బా తోమేశాను, ఫోన్ మాట గాలికి పోయింది. లేచి వెళ్ళి ఫొటో ముందు నిలబడ్డాను. ఫొటోలో అత్తమ్మ ఎప్పటిలాగే నన్ను చూసి మూతి ముడుచుకొని ఉంది. కింద వక్కల డబ్బా. ఏడాదిగా దాని చుట్టూ దుమ్ము తుడిచాను, దాన్ని ముట్టలేదు. ముట్టొద్దన్నవాళ్ళు ఎవరూ ఒక్కనాడూ దుమ్ము తుడవలేదు.

తీశాను.

ఎండిన వక్కలు, సున్నం కాయ, ఒక కండె. మగ్గం మీద నూలు చుట్టే కండె. దాని మీద దారం. ఆమె నా పొట్లాల దారాలు కూడా తెంపలేదు, పారేయలేదు. ముడి విప్పి, ఏ పూట దారం ఆ పూట ముందుదాని కొసకు కట్టి, కండెకు చుట్టుకుంటూ వచ్చింది. ఎరుపు, తెలుపు, నలుపు. ఎరుపు, తెలుపు, నలుపు. రెండేళ్ళు. ఎక్కడా వరస తప్పలేదు. నేను పైకొస పట్టుకున్నాను. చివరిది ఎరుపు. దాని ముందు నలుపు, దాని ముందు తెలుపు, దాని ముందు మళ్ళీ ఎరుపు. అంటే శనివారం మూడు పూటలూ వేసుకుంది, ఆదివారం పొద్దుటిది వేసుకుంది. అక్కడ ఆగింది.

డబ్బా అడుగున ఇంకా రెండు పొట్లాలు ఉన్నాయి. ఒకటి నల్లదారంది. ఇంకొకటి తెల్లదారంది. రెంటికీ నేను కట్టిన ముడి కట్టినట్టే ఉంది. తెల్లదాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. పల్చటి కాగితం. లోపల రెండు గోలీలు, ఒకటి పెద్దది, ఒకటి గుండ్రంది. కాళ్ళనొప్పులకు ఒకటి, బలానికి ఒకటి. చిన్న షుగరు గోలి లేదు.

నేను తప్పు కట్టలేదు. ఆయన ఈ పొట్లం విప్పనే లేదు.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పాలవాడు బెల్లు కొట్టి వెళ్ళిపోయాడు. ఏడుపు తీరాక మిగిలింది సంతోషం కాదు, ఒక మురికి నిజం. ఆయన తల్లిని చంపాలనుకోలేదు, అది నాకు తెలుసు. మ్యాచ్‌లో పడి అన్నం మరిచిపోయాడు. కళ్ళు తిరుగుతున్నాయంటే కంగారుపడి అట్టలోంచి గోలి తీసి వేశాడు. మరుపు ఎవరికైనా వస్తుంది. ఆ మరుపును నేను క్షమించేదాన్ని, ఆయనతో కలిసి ఏడ్చేదాన్ని. కానీ డాక్టరు ముందు నేను ‘నేనేనేమో’ అన్నప్పుడు ఆయనకు నిజం తెలుసు. ఉద్యోగం మానేసినప్పుడు తెలుసు. నేను నా చేతులు చూసుకుంటూ అన్నం తినలేకపోతుంటే ఎదురుగా కూర్చొని పెరుగు వేసుకున్నాడు. ఇప్పుడు ఆదివారం అందరి ముందు నాతో ‘తప్పైంది’ అనిపిస్తే ఆయనకు రిలీఫ్.

పొట్లాలు, కండె మళ్ళీ డబ్బాలోనే పెట్టాను. ఆట నేర్పింది ఒకటుంది. వస్తువు చూపించే ముందు మాట తీసుకోవాలి.

సాయంత్రం టీ ఇస్తూ అడిగాను. “ఆదివారం అనమంటున్నవ్ గదా. అందరు అడిగితే చెప్పెతందుకు... ఆ రోజు నువ్వు ఏ పొట్లం ఇచ్చినవ్?”

“తెల్లదారంది.” టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. “ఎన్నిసార్లు చెప్పాలె? నేనే ముడి ఇప్పిన, నీళ్ళతోటి మింగించిన. ఎందుకు మల్ల గవన్ని తవ్వుడు?”

“ఏం లేదు” అని కప్పు తీసుకెళ్ళి కడిగాను.

శుక్రవారం ఆట పూర్తి చేశాను. ఈసారి ఆగ్నెస్ బొమ్మ దాటి వెళ్ళి, ఎప్పుడూ ఏడుస్తూ ఉండే కొడుకు దొర మీద నొక్కాను. సరిగ్గా కనిపెట్టారు అని ఇన్‌స్పెక్టర్‌ను మెచ్చుకున్నారు. నేను ఆగ్నెస్ కోసం చూశాను. చివరి బొమ్మలో ఆమె ఉంది. అదే ఇంట్లో, అదే పొయ్యి ముందు వంగి మంట చేస్తోంది. నిర్దోషి అని తేలాక కూడా గంట మోగితే ఆమే పరుగెత్తాలి. ఫోన్ తీసి, ఏడాదిగా నేను ఎత్తని నంబరుకు చేశాను. కుసుమకుమారి, షోరూమ్‌లో నా పక్క కౌంటర్.

“అక్కా, పోచంపల్లి కౌంటర్ల మనిషి కావాలని మెసేజ్ పెట్టినవ్ గదా. ఇంక ఎవలన్న వచ్చిన్రా?”

“రాలే. ఒస్తవా?”

“సోమారం నుంచి ఒస్త.”

ఆదివారం పొద్దున అయిదింటి నుంచి వంట. అయ్యగారికి స్వయంపాకం ఇచ్చి పంపేసరికి పదకొండయ్యింది. హాలు నిండా చుట్టాలు. ఆడబిడ్డ ఫొటోకు దండ వేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కుడిచెయ్యి పైకి లేవక దండ వేయడానికి అవస్థ పడింది. ఆమె కూడా ఎనిమిదేళ్ళ నుంచే ఆసు పోసింది. తమ్ముణ్ణి మాత్రం “మొగపిల్లగానివి, నీకెందుకురా? సదువుకో పో” అని నూలు దగ్గరికి రానివ్వలేదట. అత్తమ్మే గొప్పగా చెప్పేది.

“ఇగ అను మాలతి” అంది ఆడబిడ్డ. గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది. “అనేస్తే అమ్మ ఆత్మకు శాంతి.”

మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడి, “అను అను, జల్ది అయిపోతది” అని మెల్లగా అన్నాడు. భావన గుమ్మం దగ్గర నుంచి నన్నే చూస్తోంది. నేను వంగి వక్కల డబ్బా తీశాను.

“ముట్టద్దన్న గద!” అంది ఆడబిడ్డ.

“ఏడాదైంది గద వదినె. ఇగో, నీ చేతులతోటి సూడు.” కండె తీసి ఆమె చేతిలో పెట్టాను. “అత్తమ్మ ఏ పూట దారం ఆ పూట కట్టుకున్నది. శనివారం నల్లది ఏసుకున్నది. ఆదివారం ఎర్రది ఏసుకున్నది. ఆ మీద ఏం ఉన్నదో నువ్వే చెప్పు.”

ఆమె దారం కొస పట్టుకుంది. నూలు ఎరిగిన వేళ్ళు. రెండుసార్లు వెనక్కి లాగి చూసింది, రెండుసార్లూ ఎర్రకొస దగ్గరే ఆగింది.

నేను తెల్లదారం పొట్లం తీసి మా ఆయన అరచేతిలో పెట్టాను.

“ఆ ఆదివారం మధ్యాహ్నం పొట్లం ఇదే. నువ్వు ముడి ఇప్పి, నీళ్ళతోటి మింగించిన అన్నవ్ గదా. మల్ల ఒక్కసారి ఇప్పు.”

ఆయన నవ్వబోయాడు. చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు కాబట్టి పొట్లాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకొని పొడుగు కొస లాగాడు. ముడి బిగిసింది. మళ్ళీ లాగాడు. గోళ్ళతో గీరాడు, ఇంకా గట్టిగా గుంజాడు. ఆడబిడ్డ కండె పక్కన పెట్టి, తల్లి నేర్పిన ముడి మీద తమ్ముడి చేతులు ఆడుతున్న తీరు చూస్తూ ఉంది. ఏ కొస లాగాలో ఆయనకు తెలియదు.